ద్విథ్రష్షీయ వ్యాఖ్య

అవతారిక: ఇంగ్లండున ఒక పచ్చికబయలి కంచె పక్కన, దుర్భిణి పట్టి మెడ పట్టేసిన కవి చెప్పిన చాటువు. ఎదుట పొట్టనిండ చుక్కలున్న పక్షి ఒకటి. చేతి పుస్తకమున అట్టి బొమ్మలు రెండు.

చుక్కలుండు రెంటఁ జూడఁగ నొక్కటే
రెక్క యెత్తి యెగుర రీతి దెలియు
నత్తఁ గొట్టు నొకటి నమ్మిన రాతిపై
పండ్లు గాచు నొకటి పంతమునను

టీక: రెంటన్ = సాంగ్ థ్రష్, మిసిల్ థ్రష్ అను రెంటియందును; చుక్కలు + ఉండు = మచ్చలుండును; చూడఁగన్ = దవ్వునుండి చూడగా; ఒక్కటే = రెండును ఒకటే; రెక్క + ఎత్తి + ఎగురన్ = ఎగిరినచో; రీతి = ఏది ఏదో; తెలియున్ = తెలిసిపోవును; ఒకటి = సాంగ్ థ్రష్; నమ్మిన రాతిపై = తాను మరిగిన రాతిమీద; నత్తన్ + కొట్టున్ = నత్తను బాదును; ఒకటి = మిసిల్ థ్రష్; పంతమునను = మొండిపట్టుతో; పండ్లు + కాచున్ = పండ్లకు కాపలా కాయును.

తాత్పర్యము: నిలుచున్నప్పుడు ఒకటిగా తోచు ఈ పక్షులు పనిలో పడినంతనే రెండగును.

విశేషములు: సాంగ్ థ్రష్ సుమారు 23 సెంటీమీటర్లు, మిసిల్ థ్రష్ 27. మొదటిదాని చుక్కలు బాణపు మొనలు, రెండవదానివి గుండ్రన. అయినను కొలబద్ద తెచ్చుదాక పక్షి ఆగదు. ఎగిరినచో రెక్కల అడుగు మొదటిదానికి లేత నారింజ, రెండవదానికి తెలుపు. సాంగ్ థ్రష్ పాడిన పలుకునే రెండు మూడుమార్లు పాడి తరువాతి పలుకునకు పోవును. మిసిల్ థ్రష్ గాలివానలోను చెట్టు కొననెక్కి పాడును.

"నమ్మిన" అనుటచే మాటిమాటికి అదే రాయి అని సూచన. నత్తను అంచుపట్టి కొట్టగా చుట్టును పగిలిన గుల్లలు పడియుండును. "పండ్లు" అనగా హాలీ పండ్లు, మన బదనికవంటి మిసిల్‌టో పండ్లు. చలికాలమున ఆ పండ్లున్న చెట్టుకు మిసిల్ థ్రష్ ఇతర పక్షులను చేరనీయదు.

పాఠాంతరము: కొందరు "నత్త"కు బదులు "అత్త" అని చదివిరి. అది గృహచ్ఛిద్రమునకు తావిచ్చును. పైగా యతి చెడును.

శంక: పక్షుల పేరైనను రంగైనను చెప్పని పద్యమేమి పద్యము?
సమాధానము: ఎగురుట, కొట్టుట, కాచుట అను క్రియలున్నవి గదా, పేరు వానివలననే సిద్ధించును.

శంక: పక్షి ఏ పనియు చేయక ఊరక నిలుచున్నచో?
సమాధానము: "ఏదో థ్రష్" అని రాసికొనుట శిష్టాచారము.