మూత తీసి చూపించేవాళ్లు

మొన్న మా మనవరాలికి ఒక కీబోర్డు తెప్పించాం. అట్టపెట్టె మీద ‘రిఫర్బిష్డ్’ అని చీటీ, లోపల ఆరు నెలల గ్యారంటీ కాగితం. ఒకటో శ్రుతిలో సరళీ స్వరాలు వాయించబోతే, గాంధారం ఎంత మెల్లగా తాకినా గట్టిగా అరుస్తోంది. పక్కనున్న మధ్యమం ఒకసారి పలుకుతుంది, నాలుగుసార్లు పలకదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ‘పరీక్షించే పంపాం సార్’ అన్నారు. ఎవరు పరీక్షించారు, ఏ భాగం మార్చారు అని అడిగితే జవాబు లేదు.

చివరికి నేనే మరలు విప్పాను. ప్రతి మెట్టు కింద రబ్బరు బుడిపె, అందులో రెండు నల్లటి కార్బన్ చుక్కలు ఉంటాయి. నొక్కినప్పుడు అవి ఒకదాని తర్వాత ఒకటి అంటుకుంటాయి. ఆ రెండింటికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టి గట్టిగా కొట్టారో మెత్తగా కొట్టారో యంత్రం లెక్కగడుతుంది. దుమ్ము చేరితే లెక్క తప్పుతుంది. స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే గాంధారం దారికొచ్చింది. మధ్యమం చుక్క మాత్రం అరిగిపోయింది, పట్టీ మార్చాల్సిందే. బాగుచేశామని చీటీ అంటించిన మనిషి అసలు మూతే తీయలేదు. నా కోపమంతా అక్కడే.

మా రోజుల్లో మూత తీయకుండా పాత సరుకు చెయ్యి మారేది కాదు. నా మొదటి హార్మనీ పెట్టె 1974లో కొన్నాను, నాంపల్లి స్టేషనుకూ మొజంజాహి మార్కెట్టుకూ మధ్య ఒక సందులో. ఆ ఉస్తాద్ ముందు తిత్తి నిండా గాలి పట్టి, ఒక్క మెట్టూ నొక్కకుండా వదిలేశాడు. అది ఎంతసేపటికి కుంగుతుందో నన్నే చూడమన్నాడు. తర్వాత పలక ఎత్తి రీడ్లు చూపించాడు. ఇవి పాలిటానావి, ఇవి పెట్టెతో వచ్చిన పాతవి అని వేలు పెట్టి చెప్పాడు. ఆకురాయితో రీడు కొస గీకితే స్వరం పెరుగుతుందని, మొదట్లో గీకితే తగ్గుతుందని నాకు చెప్పింది ఆయనే. పై నిషాదాన్ని అప్పటికే రెండుసార్లు గీకాడట. ‘ఇంకోసారి గీకితే విరుగుతుంది బాబూ’ అని, నేను అడక్కముందే దానికి ధర తగ్గించాడు. పదకొండేళ్లకు విరిగింది. మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను.

పాత సరుకంటే ఈ వీధులకు చిన్నచూపు ఉండేది కాదు. ఆబిడ్స్‌కు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండేవాడు. ప్రభువు వాడి వదిలేసినవి ఆయన కొట్లో అమ్ముడయ్యేవని పాతవాళ్లు చెప్పుకునేవారు. ఇప్పటికీ ఆదివారం వస్తే మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. పేజీలు తిప్పనివ్వకుండా పాత పుస్తకం అమ్ముతానంటే ఎవరైనా కొంటారా? కీబోర్డుకూ యాంప్లిఫయరుకూ మాత్రం ఆ న్యాయం ఎందుకు పోయిందో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. గీత పడ్డ సరుకు వేరు, బాగుచేసిన సరుకు వేరు, వాడేసిన సరుకు వేరు. మూడింటినీ ఒకే గంపలో వేసి అమ్ముతున్నారు ఇప్పుడు. కొట్లో అద్దాల వెనక చూపుకు పెట్టింది, అట్టపెట్టె చిరిగింది, ఎవరో తెరిచి తిరిగిచ్చింది, వీటినే బి-స్టాక్ అంటున్నారు. లోపల ఏమీ చెడకపోతే, కంపెనీ గ్యారంటీ కూడా ఉంటే, నా దృష్టిలో అంతకంటే మంచి బేరం లేదు. మా పిల్లలకేమో టేపు కోసి తెరిస్తేనే తృప్తి. పక్కన చిన్న గీత కనిపిస్తే మొహం ముడుచుకుంటారు. ఆ మిగిలిన డబ్బుతో ఏడాది సంగీతం ఫీజు కట్టొచ్చని చెబితే వినరు.

మైకుల సంగతీ అంతే. షూర్ ఎస్ఎం58 వచ్చింది 1966లో. ఇప్పటికీ వేదికల మీద అదే కనిపిస్తుంది కాబట్టి పాతదైనా నిక్షేపంగా కొనొచ్చు. కానీ దానికి నకిలీలు బోలెడు. అసలుది దాదాపు 300 గ్రాములు తూగుతుంది. జాలీ మర విప్పి లోపల చూడాలి, అరచేతిలో బరువు చూసుకోవాలి, ఒక పాట పాడి వినాలి. ఫోనులో బొమ్మ చూసి ఆ పనులెలా చేస్తాం?

రబ్బరు పట్టీ కోసం మనవరాలిని వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో మూడు కొట్లు తిరిగాను. మూడో కొట్టు కుర్రాడు నా అరిగిన పట్టీని వెలుతురుకు పెట్టి చూశాడు. బుడిపెలు లెక్కపెట్టుకుని, వారంలో తెప్పిస్తానన్నాడు. అడ్వాన్సు ఇచ్చి వచ్చాం. అది వచ్చేదాకా మా పిల్ల మోహనం వాయించుకుంటోంది. అందులో మధ్యమం ఉండదు.