‘గమనిస్తున్నాం’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

విదేశాంగశాఖ ప్రతినిధి వారంవారం విలేకరుల ముందు నిలబడతాడు. మూడో వరసలోంచి ఒకాయన లేచి, మైకు చేతికి అందకముందే, “మీ మిత్రదేశం మీ చెవిన కూడా వెయ్యకుండా ఆ పని చేసిందట. పరువు పోలేదా?” అంటాడు. ప్రతినిధి ముందున్న కాగితం తిరగేస్తాడు. అవతలి వైపు ఏమీ రాసి ఉండదు. ఒక గుక్క నీళ్ళు తాగుతాడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు వెనకే ఈ సూత్రం వెలువడుతుంది.

మూలం

“ఆ వార్తలు మేము చూశాం. పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నాం.”

ప్రతిపదార్థం

ఆ = మీరు అంటున్నవే తప్ప మేము అనని; వార్తలు = జరిగినవి కాక, జరిగాయని అచ్చయినవి; మేము = ‘మనం’ కాదు గనుక అడిగినవాడికి ఇందులో వాటా లేదని; చూశాం = నమ్మామని కాదు, కళ్ళున్నాయని మాత్రమే; పరిస్థితిని = పేరు పెడితే పూచీ పడాల్సి వస్తుంది గనుక పేరు పెట్టని ఆ సంగతిని; నిశితంగా = (దీని సంగతి చివర చెబుతాను); గమనిస్తున్నాం = గమనిస్తున్నాం.

ఆఖరి పదానికి ఆ పదాన్నే అర్థంగా ఇచ్చినందుకు మా తెలుగు మాస్టారైతే అర మార్కు కోసేవారు. ఏం చెయ్యను, దీనికి పర్యాయపదం లేదు. “గమనించాం” అంటే “ఏం కనబడింది?” అని ఇంకో చెయ్యి లేస్తుంది. “గమనిస్తాం” అంటే “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?” అంటారు. ‘తున్నాం’ దగ్గర ఆగితే ఎవరూ ఏమీ అనలేరు. ఎసరు మరుగుతూనే ఉంటుంది, బియ్యం పోసేది ఉండదు.

తాత్పర్యం

కూర్చో నాయనా.

శంక

ఇది అబద్ధం కాదా? ఈ శంక పాతదే. 1604లో సర్ హెన్రీ వాటన్ అనే ఇంగ్లిషు రాయబారి వెనిస్ వెళుతూ దారిలో ఆగ్స్‌బర్గ్‌లో ఆగి, ఒక స్నేహితుడి ఆల్బంలో సరదాగా ఒక నిర్వచనం రాశాడు. రాయబారి అంటే దేశం మేలు కోసం అబద్ధమాడడానికి పరదేశం పంపిన మంచివాడని దాని భావం. ఇంగ్లిషులో ‘లై’ అనే మాటకు అబద్ధమాడడమే కాక, బస చేయడమనే అర్థం కూడా అప్పట్లో ఉండేది. శ్లేష బాగానే ఉంది. కాని ఆయన రాసింది లాటిన్‌లో. బస ఎగిరిపోయి అబద్ధమొక్కటే మిగిలింది. 1611లో శియోపియస్ అనే ప్రత్యర్థి దాన్ని అచ్చులో బయటపెడితే రాజు మొదటి జేమ్స్ మండిపడ్డాడు. శ్లేషకావ్యాలను అనువదించబూనేవారు ఈ కథను గోడకు రాసి పెట్టుకోవచ్చు.

సమాధానం

కౌటిల్యుడు దూతల్ని మూడు రకాలు చేశాడు. అమాత్యుడికి ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నవాడు నిసృష్టార్థుడు (సొంతంగా మాట్లాడే అధికారం గలవాడు), పావు తక్కువైతే పరిమితార్థుడు, సగం తక్కువైతే శాసనహరుడు, అంటే ఇచ్చిన మాట మోసుకెళ్ళేవాడు. పోడియం దగ్గర నిలబడ్డవాడు ఈ మూడోవాడు. మొరటు ప్రశ్న చేసే పనల్లా, తాను నిసృష్టార్థుడినని అతనికి ఒక్క క్షణం భ్రమ కలిగించడం. పౌరుషానికి పోయి సొంత మాట ఒకటి అన్నాడా, మర్నాటి పత్రికలో అది దేశం మాట అయి కూర్చుంటుంది. కనుక సూత్రంలో ఉన్నది అబద్ధం కాదు, తనది కాని సొమ్మును ఖర్చుపెట్టకపోవడం.

విశేషం

ఈ జవాబు అడిగినవాడికి చెప్పేది కాదు, గదిలో లేనివాడికి. అది మరిచి చెడినవారిలో సోవియట్ ప్రతినిధి వలేరియన్ జోరిన్ అగ్రగణ్యుడు. 1962 అక్టోబరు 25న భద్రతామండలిలో అమెరికా ప్రతినిధి అడ్లాయ్ స్టీవెన్సన్ ఆయన్ని నిలదీశాడు: క్యూబాలో క్షిపణులు పెట్టారా లేదా, అవునా కాదా, అనువాదం కోసం ఆగొద్దు. నేనేమీ అమెరికా కోర్టులో లేనన్నాడు జోరిన్. నిజానికి అక్కడ బోను లేదు. పైగా ఆ నెల మండలి అధ్యక్షుడు ఆయనే! బోను ఊసు తానే ఎత్తి తానే ఎక్కాడు. ప్రపంచాభిప్రాయమనే కోర్టులో ఉన్నారని స్టీవెన్సన్ వెంటనే అందుకుని, క్షిపణుల ఫోటోలు తెప్పించి నిలబెట్టించాడు.

పాఠాంతరాలు

కొన్ని ప్రతుల్లో మూలం ఇంతకంటే పొడుగ్గా కనిపిస్తుంది. భారత ప్రతినిధి వి.కె.కృష్ణమేనోన్ పాఠం దాదాపు 8 గంటలు. 1957 జనవరి 23న కాశ్మీర్ మీద భద్రతామండలిలో మొదలుపెట్టి మర్నాటికి గాని ముగించలేదు. మండలి కరగలేదు, 24న తీర్మానం 10 ఓట్లతో నెగ్గింది, సోవియట్ ఒక్కటే తటస్థం. గదిలో ఓడాడు. గదిలో లేనివాళ్ళు మాత్రం విన్నారు: కొద్ది వారాలకే ఉత్తర బొంబాయి ఆయన్ని లోక్‌సభకు పంపింది.

భారత విదేశాంగమంత్రిగా జయశంకర్ చెప్పిన పాఠం పొట్టిది. 2022 జూన్‌లో బ్రాటిస్లావాలో, రష్యా చమురు గురించీ ఉక్రెయిన్ గురించీ గుచ్చి గుచ్చి అడిగితే, తన సమస్యలు ప్రపంచానివి, ప్రపంచ సమస్యలు మాత్రం తనవి కావనుకునే ధోరణి ఐరోపా మానుకోవాలన్నారు. మరుసటి ఏడు మ్యూనిక్‌లో అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ ఆ మాటను భారత విదేశాంగమంత్రి మాటగానే ఉదహరించారు. ఇది అలంకారం తెలిసినవారి పాఠం. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు అనుకరించబోతే నవ్వులపాలు.

మిగిలిన పదం

‘నిశితంగా’ దగ్గర విలేకరి కలం ఆపడు. “స్పందించేందుకు నిరాకరించారు” అని రాసుకుని క్యాంటీనుకు నడుస్తాడు. అదే సమయానికి ఊళ్ళో ఇంకో వీధిలో, ఒక రాయబార కార్యాలయం మేడ మీద గదిలో, కుర్ర కార్యదర్శి ఒకడు పాత బ్రీఫింగుల ఫైలు ముందేసుకుని వేలితో వరస వరసా దిగుతుంటాడు. ఒకచోట వేలు ఆగుతుంది. టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా తన రాజధానికి టైపు చేస్తాడు: “క్రితంసారి ‘గమనిస్తున్నాం’ అని మాత్రమే అన్నారు. ఈసారి ‘నిశితంగా’ చేర్చారు.”