పోలికల పరమేశ్వరం

అమెరికా తెలుగువాళ్ళ విందుల్లో పోలికల పరమేశ్వరానికి కొరత లేదు. కాలిఫోర్నియా వదిలి టెక్సాస్‌లో ఫ్రిస్కోకో ప్రాస్పర్‌కో చేరిన ఈ శాల్తీ, బిర్యానీ ప్లేటు చేతికి రాగానే "ఇక్కడ స్టేట్ టాక్స్ జీరో అండీ!" అని అందుకుంటాడు. అక్కడ 13.3 శాతం కోసేవారంటాడు. నిజానికి ఆ రేటు పది లక్షల డాలర్లు దాటిన సంపాదనకు. సాఫ్ట్‌వేర్ దంపతులకు మామూలుగా తగిలేది 9.3 శాతం శ్లాబు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, వదిలించుకున్న పన్ను కూడా పెద్దగానే కనిపిస్తుంది. నాకు తోచేదేమిటంటే, పరమేశ్వరం చేస్తున్నది వకాల్తా. ముందు సామాను లారీకెక్కించాడు, కారణాలు తర్వాత వెతుక్కున్నాడు.

రుజువు కావాలంటే అతన్ని మే నెలలో చూడాలి. ఆదాయపు పన్ను లేని రాష్ట్రంలో బడులు నడవాలంటే డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా. అది ఇంటి పన్నుగా వస్తుంది, ఏటా ఇంటి విలువలో రెండు శాతం అటూఇటూగా. కాలిఫోర్నియాలోనైతే 1978 నాటి ప్రొపొజిషన్ 13 పుణ్యమా అని, కొన్న ధర మీద లెక్కగట్టే విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. టెక్సాస్‌లో అంతటి కట్టడి లేదు కనుక, ఏప్రిల్ దాకా "మన ఇల్లు డబులయింది" అన్న పెద్దమనిషే, మేలో కౌంటీ మదింపు ఆఫీసుకు గోడల బీటలు ఫొటోలు తీసి పంపి, ఈ కొంప ఆ ధర చేయదని మొరపెట్టుకుంటాడు. ఆ బీటలూ కల్పితం కావు. ఫ్రిస్కో వైపు బంకమట్టి ఎండాకాలం కుంచించుకుపోతుంది కనుక, ఇంటి చుట్టూ రబ్బరు గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పెట్టాలి. ఆ నీళ్ళ బిల్లు అతని పోలికల ఎక్సెల్ షీటులో ఉండదు. 2021 ఫిబ్రవరి మంచులో లక్షలాది ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయిన సంగతీ ఉండదు.

అలాగని లెక్కంతా బూటకమనలేం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పాత మూడు గదుల ఇంటి ధరకు ఇక్కడ పూజగదీ మీడియా రూమూ ఉన్న కొత్త ఇల్లొచ్చి, చేతిలో సొమ్ము మిగులుతుంది. టొయోటా అంతటిది 2017లో ప్లేనోకు తన ఉత్తర అమెరికా ముఖ్య కార్యాలయాన్ని తెచ్చుకుంది. కాకపోతే ఇల్లు చవక కావడానికి పన్నుకంటే ఖాళీ నేలా, తొందరగా దొరికే అనుమతులూ పెద్ద కారణం. మరి ఆయుర్దాయం మాటేమిటని కాలిఫోర్నియా పక్షం అడుగుతుంది: 2020లో అక్కడ 79 ఏళ్ళు, టెక్సాస్‌లో 76.5. నిజమే. కానీ కంపెనీ ఇన్సూరెన్సున్న పరమేశ్వరం ఆ సగటులోని మనిషి కాడు; ఇన్సూరెన్సు లేని టెక్సాస్‌వాళ్ళు అతని విందుకు రారు. అతను పోల్చేది రెండు రాష్ట్రాలను కానే కాదు, ఇండియన్ స్టోరూ గుడీ మంచి రేటింగున్న బడీ ఉన్న రెండు పేటలను. ఫ్రిస్కోకు పశ్చిమ టెక్సాస్ ఊళ్ళకంటే ఫ్రీమాంటే దగ్గరి చుట్టం.

ఆరు నెలలకని వచ్చిన అతని తల్లి అక్కడా ఇక్కడా కారు తోలేవాళ్ళు ఖాళీ అయ్యేదాకా గడప దాటలేదు. ఎక్సెల్‌లో దానికి గడి లేదు. రెండుచోట్లా ఒకటే కనుక వాదనకు పనికిరాదు.