అద్దంలో అన్న, ఫ్లెక్సీలో అన్న

శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం కొండెక్కిన కొత్త జంటలు, స్వామి దర్శనం కంటే ముందు సెల్ఫీ దర్శనం కానిస్తున్నారు. సంప్రదాయం తప్పకుండా అమ్మాయి ఎడమ పక్కనే నిలబడుతుంది. అయినా ఏం లాభం? ముందు కెమెరా అద్దంలా చూపిస్తుంది, కొన్ని ఫోన్లయితే అద్దంలాగే దాచిపెడతాయి కూడా. దాంతో ఫొటోలో అమ్మాయి కుడి పక్కకు, పైట కుడి భుజం మీదికి, అబ్బాయి చొక్కా జేబు కుడి రొమ్ము మీదికి వలసపోతాయి. అర్ధనారీశ్వరుడే దిగొచ్చి సెల్ఫీ తీసుకున్నా పార్వతమ్మ వాటా కుడివైపుకు మారిపోవాల్సిందే.

పట్నంలో చదివే పిలగాడు బిర్యానీ తింటూ సెల్ఫీ పంపితే అమ్రాబాద్‌లో అవ్వ ఊరుకుంటుందా? "ఏంరా, ఎడమ చేత్తోని తినుడు గూడ నేర్పుతున్నరా ఆ కాలేజీల?" అవ్వనని ఏం లాభం! అమెరికాలో బిల్లీ ది కిడ్ అనే బందిపోటు ఫొటోను 1880 ప్రాంతంలో రేకు మీద తీశారు. ఆ పద్ధతిలో బొమ్మ తిరగబడే పడుతుంది. అది చూసి జనం అతనిది ఎడమచేతి వాటమని తేల్చేశారు. 1958లో 'ది లెఫ్ట్ హ్యాండెడ్ గన్' అని సినిమా కూడా వచ్చింది.

ఫోన్లు చేసేవాళ్లను తిట్టడానికీ లేదు. తెర మీద ఉన్నదున్నట్టు చూపిస్తే, తల కుడికి దువ్వబోయినవాడి దువ్వెన ఎడమకు పోతుంది. అందుకే జూమ్ లాంటివి మనకు అద్దం చూపించి, అవతలివాళ్లకు అసలు మొహం పంపుతాయి. ఈ సంగతి తెలియని అధికారి వీడియో కాన్ఫరెన్సులో నివేదిక చూపిస్తూ, తన తెర మీద అక్షరాలు తిరగబడ్డాయని కంగారుపడి కాగితం తిప్పి పట్టుకుంటాడు. అవతలివాళ్లకు తెల్లటి వెనకవైపు కనిపిస్తుంది. మన సమీక్షల్లో అంతకంటే నిజాయితీ గల నివేదిక నేనైతే ఎరగను.

1977లో అమెరికాలో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థినుల ఫొటోలు తీసి, ఒక్కొక్కదాన్నీ రెండు రకాలుగా అచ్చువేసి చూపించారు. అమ్మాయిల్లో ఎక్కువమంది అద్దంలో కనిపించే బొమ్మే బాగుందన్నారు. స్నేహితులు మాత్రం అసలు బొమ్మకే ఓటేశారు. ఎవరికి రోజూ కనిపించే మొహం వాళ్లకు ముద్దు.

ఆ పరిశోధన చదవకుండానే మా అచ్చంపేట ఫ్లెక్సీ డిజైనరుకు ఇదంతా తెలుసు. పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం ఓ చోటా నాయకుడు కండువా వేసుకుని సెల్ఫీ పంపాడు. కండువా మీద పార్టీ పేరు తిరగబడి ఉంది. డిజైనరు బొమ్మ మొత్తాన్నీ తిప్పాడు. నాయకుడు గుడ్లురిమాడు.

"ఇది నా మొహం లెక్కనే లేదు. మూతి వంకర పెట్టినవేందిరా?"

"అన్నా, నీ మొహం గిదే. ఊరంతా రోజూ చూసేది గిదే."

ఊరు చూసే మొహం ఫ్లెక్సీకి పనికిరాదని అన్న తేల్చేశాడు. చివరికి రాజీ కుదిరింది. మొహం అద్దంలోదే ఉంచి, కండువా ఒక్కటీ కత్తిరించి, తిప్పి అతికించారు. అక్షరాలు చక్కబడ్డాయి, మూతి చక్కబడింది. గడియారం కుడి చేతికి పోయిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నాళ్లకు అన్న పార్టీ మారాడు. డిజైనరుకు కొత్త ఫొటో అవసరం పడలేదు. కండువా ఎలాగూ విడిగానే ఉంది.