'మొఆన' అన్న పిల్లకు మొట్టికాయ

గోదావరి జిల్లాల్లో ఈమధ్య కొత్త పాండిత్యం ఒకటి బయల్దేరిందండి. డిస్నీ వారు 2016లో తీసిన సినిమాలో కథానాయిక పేరు ఎలా పలకాలన్నది దాని విషయం. పిల్ల స్పెల్లింగు చూసి కూడబలుక్కుని 'మొఆన' అంటుంది. అంతే, సోఫాలోంచి దిద్దుబాటు దిగుతుంది: "ఛీ, ఆ పలకడం ఏంటే? 'మోవానా' అనాలి. స్టైలుగా!" 2002 నాటి కార్టూన్ పిల్ల 'లిలొ'దీ అదే గతి. సాగదీసి 'లీలో' అంటే గానీ స్పోకెన్ ఇంగ్లీషుకు కట్టిన ఫీజు గిట్టుబాటైనట్టు కాదు.

తమాషా ఏమిటంటే, తప్పింది పిల్ల కాదు. ఆ పేర్లు పసిఫిక్ సముద్రంలోని పాలినీషియా దీవులవి. అమెరికా వాటిని అరువు తెచ్చుకుంది. అక్కడి మావోరి, హవాయి భాషల్లో అచ్చులు ఐదు, ఒక్కోదానికీ హ్రస్వం, దీర్ఘం. అంటే మన అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ ఒ ఓలు, సరిగ్గా పదీ! ఇంగ్లీషు స్పెల్లింగుకు హ్రస్వమేదో దీర్ఘమేదో పట్టదు. హిందీ లిపిలో హ్రస్వ ఎ, ఒలకు మామూలుగా చోటే లేదు. మనకా బాధ లేదు. సినిమాలోని అగ్నిరాక్షసి పేరు 'తె కా' అని రాసుకుంటే చాలు, పలికినట్టే. వీరుడు మాఉఇ పేరులో మొదటి అక్షరం దీర్ఘం. మన సోఫా పండితులు దాన్ని 'మౌవీ' చేసి చప్పట్లు కొట్టుకుంటున్నారు. పైగా ఆ భాషల్లో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. తెలుగు అజంత భాషని సభల్లో శాలువాలు కప్పించుకునే మనం, సాటి అజంత భాష ఎదురైతే అమెరికా యాసలోంచి పలకరిస్తున్నాం!

ఇదేం ఊరనుకున్నారు? రామః అన్న సంస్కృత పదం రాముడిగా మారితే గానీ తెలుగు పంక్తిలో కూర్చోనివ్వని సంప్రదాయంలో నన్నయ భారతం మొదలెట్టిన రాజమహేంద్రవరం. ఆ తర్వాత దొరలొచ్చి కాకినాడను 'కోకనాడ' అన్నారు, ఏలూరును 'ఎల్లోర్' అన్నారు, ధవళేశ్వరాన్ని 'డౌలేశ్వరం' చేశారు. 1923 కాంగ్రెసు మహాసభ 'కోకనాడ కాంగ్రెస్'గానే చరిత్రకెక్కింది. కోరంగి రేవు పుణ్యమా అని, బర్మా వెళ్లిన తెలుగు కూలీలంతా సొంత పేర్లు పోయి ఉమ్మడిగా 'కొరంగీ'లయ్యారు. రాజమండ్రికి రాజమహేంద్రవరమన్న పాత పేరు ప్రభుత్వం తిరిగివ్వడానికి 2015 దాకా పట్టింది. పరాయి నోట్లో పడి పేరు నలగడమంటే ఏమిటో మనకంటే ఎవరికి తెలియాలి? తెలిసీ, ఆ దీవులవాళ్ల పేర్లను అదే రోట్లో వేసి మనమూ ఓ పోటు వేస్తున్నాం.

"సినిమాలో అలాగే అన్నారుగా" అంటారా? ఆ సినిమా తీసింది ముందుగా ఇంగ్లీషు వినేవాళ్ల కోసమండి బాబూ! మావోరిలు దాంతో సరిపెట్టుకోలేదు. 2017లో అదే సినిమాను తమ భాషలోకి డబ్బింగ్ చేయించుకున్నారు. వాళ్ల పేరు వాళ్ల నోట ఎలా పలుకుతుందో వినాలంటే అది వినండి.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఇకమీదట పిల్ల 'మొఆన' అంటే దిద్దకండి. మరీ చెయ్యి దురదపెడితే పక్కన కూర్చుని, ఆ పిల్ల చేతే రెండుసార్లు చెప్పించుకుని మీరు నేర్చుకోండి. దీనికి స్పోకెన్ ఇంగ్లీషు ఫీజు కూడా అక్కర్లేదు. ఒకటో తరగతి తెలుగు వాచకం చాలు.