ముందు మిషన్‌కు పెట్టు, తర్వాత నువ్వు తిను

మా బాన్సువాడలో ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులోనే లేత్ పెట్టుకుంటున్నారు. సంతోషమే. కానీ ఆ షెడ్డుల్లో అడుగుపెడితే కడుపు తరుక్కుపోతుంది. బెడ్డు మీద నిన్నటి తురుము, చక్కులోనే వదిలేసిన తాళం, నూనె రంధ్రాల్లో గడ్డకట్టిన మురికి.

మా రోజుల్లో ఇట్లా ఉంటే మాకు పని నేర్పిన ఉస్తాద్ పని ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని నేర్చినవాడు. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లకు చెరుకు పెరిగింది, 1937లో ఆ ఫ్యాక్టరీ వెలిసింది. గానుగ సీజన్ ముగిశాక నెలల తరబడి ప్రతి యంత్రాన్నీ విప్పి, కడిగి, అరిగింది మార్చి బిగించడమే అక్కడి పని. నడపడం సగం, కాపాడటం సగం అన్న బుద్ధి ఆయనకు అక్కడే అబ్బింది. 2015 చివర ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ బుద్ధి కూడా దానితోనే పోయిందేమో అనిపిస్తుంది.

పొద్దున్నే ఉస్తాద్ మాట ఒకటే: "ముందు మిషన్‌కు పెట్టు బిడ్డా, తర్వాత నువ్వు తిను." బెడ్డు తుడిచి, వేలితో తడిమి చూసి, పలుచగా నూనె రాసి, క్యారేజీని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాకే చాయ్. ఇప్పటి పిల్లలు ట్రాక్టర్ నుంచి తీసిన నల్ల ఆయిల్ పోస్తున్నారు. అందులో మసి ఉంటుంది, ఇనుప రజను ఉంటుంది. అది నూనె కాదు, ఎమ్రీ పేస్టు. లేత్ బెడ్డుకని 68 నంబరు ఆయిల్ దొరుకుతుంది. డబ్బా కొంటే ఇంటి లేత్‌కు ఎన్ని నెలలైనా వస్తుంది.

కంప్రెసర్ గాలితో తురుము ఊదడం ఇంకో అన్యాయం. ఊదిన తురుము బయటికి పోదు, క్యారేజీ కిందికి దూరి బెడ్డును గీస్తుంది. మేము కుంచెతోనే ఊడ్చేవాళ్లం. షాఫ్టుకు ఎమ్రీ పట్టేటప్పుడు, పంపు బాడీ లాంటి బీడు కోసేటప్పుడు బెడ్డు మీద అట్టముక్క పరిచేవాళ్లం. చక్కు విప్పాలంటే కింద చెక్క ఉండాల్సిందే. చేయి జారి చక్కు పడితే బెడ్డుకు తగిలిన దెబ్బ మళ్లీ పూడదు.

పాత లేత్ కొనేవాళ్లకు ఒక మాట. పనంతా చక్కు దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్డు అక్కడే ఎక్కువ అరుగుతుంది. అక్కడ క్యారేజీని సరిగ్గా బిగించి టెయిల్‌స్టాక్ వైపు నెట్టండి. ఆ కొసన పట్టేస్తే అరుగుదల ఎంతో తెలిసిపోతుంది. రంగు చూసి బేరమాడకండి.

సానరాయి సంగతి చెబితే నా కోపం ఆగదు. కొత్త రాయి బిగించే ముందు మేము వేలికి తగిలించి, కర్రపిడితో మెల్లగా కొట్టి వినేవాళ్లం. గణగణమంటే మంచిది, మొద్దుగా పలికితే పగులున్నట్టు. ఇప్పుడు అట్టపెట్టెలోంచి తీసి నేరుగా ఎక్కించేస్తున్నారు. రాయికీ రెస్టుకూ మధ్య వేలు పట్టేంత సందు. మూడు మిల్లీమీటర్లు దాటితే పని ముక్క లోపలికి లాక్కుపోతుంది, దానితో చెయ్యి కూడా. ఇది చాదస్తం కాదు, వేళ్ల సంగతి.

మైక్రోమీటర్‌ను పూర్తిగా మూసి పెట్టకండి, రెండు ముఖాల మధ్య కొంచెం సందు వదలండి. ఆకురాళ్లను ఒకదానిపై ఒకటి కుప్పేయకండి, పళ్లు పళ్లకు తగిలి మొద్దుబారుతాయి. చుట్టూ నాట్లు పడ్డ పొలాలున్న ఊరు మనది, గాలిలో తేమ ఉంటుంది. వానకాలంలో పనిముట్లను చెమట చేత్తో ముట్టి వదిలేస్తే తెల్లారేసరికి వేలిముద్రే తుప్పై కనబడుతుంది.

మొన్న దసరాకు ఒక షెడ్డులో ఆయుధపూజ చూశాను. బెడ్డు నిండా తడి పసుపు, కుంకుమ. మూడో రోజు మళ్లీ పోతే అట్లనే ఉంది. తుడిస్తే బొట్టు ఉన్నచోటల్లా ఎర్రటి తుప్పు మచ్చ. ఆ పిల్లవాడిది భక్తే, కాదనను. కానీ మా ఉస్తాద్ బొట్టు రంగేసిన హెడ్‌స్టాక్‌కు పెట్టేవాడు, బెడ్డుకు నూనె పెట్టేవాడు. బొట్టు ఏడాదికి ఒకసారి. నూనె రోజూ.