కాళ్ళ మధ్య సంచి

ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. మార్కాపురంలో ఏ వీధికి వెళ్ళినా "నమస్తే సార్" అనేవాడొకడు తగులుతాడు. ఆ గీరతోనే కాబోలు, ఇంట్లో లెక్క నాకు కనపడలేదు.

మా మేనల్లుడికి 17. పదో తరగతి తప్పాక పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు పోయేవాడు. ఒకనాడు అది మానేసి "కొరియర్ పని దొరికింది మామా" అన్నాడు. నెలకు రెండుసార్లు వైజాగ్ వెళ్ళి సంచి తేవడం, మర్నాడు దాన్ని బెంగళూరులో అప్పగించడం. ట్రిప్పుకు 5 వేలు, టికెట్టు వాళ్ళదే, పైగా కొత్త ఫోను. పని ఇచ్చినాయన పేరు "అన్న". ఊరూ పేరూ నేనడగలేదు. మా చెల్లెలితో మాత్రం "చదువు రాకపోతేనేం, బుర్రుందమ్మా వాడికి" అన్నాను.

పార్సిలు ఆఫీసులో వేస్తే అయ్యేదెంత, దానికి మనిషిని తోడిచ్చి 5 వేలు పోసేదెంత? ఈ లెక్క ఆరో తరగతి పిల్లాడికిచ్చినా "ఇందులో ఏదో తిరకాసుంది సార్" అనేవాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెడుతుంటే టీవీలో చూసి, ఆ మన్యం గొడవ మనకెందుకని ఛానెల్ మార్చినవాణ్ణి నేను.

భువనేశ్వర్ నుంచి విశాఖ, గుంటూరు, గిద్దలూరు, నంద్యాల మీదుగా బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మా మార్కాపురం రోడ్డు స్టేషన్లో రాత్రిపూట ఆగుతుంది. పిల్లాడు చీకట్లో ఏం పోతాడులే అని నేనే స్కూటరు మీద దింపేవాణ్ణి. సంచి ముందర, నా కాళ్ళ మధ్య. కర్పూరం వాసన గుప్పుమనేది, దాని అడుగున ఏదో ఎండుగడ్డి వాసన. "ఏందిరా, పూజ సామానా?" అంటే "అట్లాంటిదేలే మామా" అన్నాడు. నవ్వాను కూడా. వాడి గూట్లో బ్రౌన్ టేపు చుట్టలు నాలుగుండేవి. ఒకటి తీసి నా పంచాంగం అట్ట అతికించుకున్నాను. ఆ అతుకు ఇంకా అట్లానే ఉంది.

2024 నవంబరులో ప్రభుత్వం గంజాయి మీద ఈగల్ అని ప్రత్యేక విభాగం పెట్టి, ఫోను చేయడానికి 1972 నంబరు ఇచ్చింది. ఆ పోస్టరు చూసొచ్చి అన్నాల దగ్గర పాఠం మొదలుపెట్టాను. "1972, జై ఆంధ్ర ఉద్యమం నడిచిన ఏడు. అట్లా గుర్తుపెట్టుకోరా." వాడు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని నా వెనకే వరండాలోకొచ్చి, "మామా, ఈ పని ఇడిచిపెడతా" అన్నాడు.

ఎందుకని అడగాలా వద్దా? "ఏ పనిలోనూ నిలకడ లేదు నీకు" అని అందుకుని అరగంట వాయించాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. అంతకుముందు రైల్లో ఒక సంచి పోయిందట. అది 70 వేల బాకీ అని ఆ "అన్న" మావాడి మీద రాశాడట, తీరేదాకా కూలి లేకుండా తిరగాలట, మానేస్తే ఇంటికొస్తామన్నారట. సంచి నిజంగా పోయిందో, వాళ్ళే మాయం చేయించారో దేవుడికెరుక. ఇదంతా చెప్పుకోడానికే వచ్చాడా రాత్రి. నేను నోరు మూస్తేగా.

ఆ తర్వాతి ట్రిప్పులో దొరికాడు. 6 కిలోలు. పెద్దవాడైతే పదేళ్ళ దాకా జైలు పడే బరువు. మైనరు కాబట్టి బాల న్యాయమండలి ముందు పెట్టారు. "అందుకే మాస్టారూ, వాళ్ళు పిల్లల్నే పట్టుకునేది" అన్నాడు వకీలు. పిల్లల చేత మత్తు సరుకు మోయించినవాడికి ఏడేళ్ళ దాకా శిక్ష వేసే సెక్షను 2015 బాల న్యాయ చట్టంలోనే ఉంది, 78వది. దొరకాల్సింది ఆ అన్న. ఎక్కడివాడు, ఎట్లా ఉంటాడు, ఏ నంబరు నుంచి చేసేవాడు అని పోలీసులు నన్నడిగారు. నెలల తరబడి పిల్లాడి సంపాదన గురించి వీధిలో గొప్పలు పోయినవాణ్ణి, ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు.

స్కూటరు సంగతి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. వాడూ చెప్పలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. మొన్న కూరగాయలు తెస్తూ అలవాటుగా సంచి ముందర పెట్టబోయాను. "ఇటియ్యి మామా" అని లాక్కుని వాడి ఒళ్ళో పెట్టుకున్నాడు.